తీర్మానాల పుస్తకం మనమూ చూడాలి

పాతబస్తీని ఆనుకొని ఉన్న మలక్‌పేట గంజ్‌కు కర్నూలు ఉల్లి, పాలమూరు మిర్చి వస్తాయి. ఆ సరుకు కొన్నవారి దగ్గర వంద రూపాయలకు 1 రూపాయి మార్కెట్ ఫీజు వసూలవుతుంది. కట్టేది కొనేవాడే అయినా, అది మన పంట మీద వచ్చిన డబ్బు. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో మార్కెట్ కమిటీ సమావేశాల్లో తీర్మానిస్తారు. ఆ కమిటీని మనం ఓటేసి ఎన్నుకోలేదు. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద ప్రభుత్వమే నియమిస్తుంది.

షెడ్డు మరమ్మతు, కాటాల తనిఖీ, తాగునీరు, ఊడ్చే కాంట్రాక్టు, లైసెన్సుల రెన్యువల్. ఎజెండాలో ఇవన్నీ మామూలు అంశాలే. కానీ షెడ్డు మరమ్మతు వాయిదా పడితే తడిసేది మన బస్తాలే. తడిసిన మిర్చికి ధర పలకదు. కాటా తప్పు చూపితే ఆ నష్టం తక్‌పట్టీలో కనిపించనే కనిపించదు.

ధర కోసం ధర్నా చేస్తాం, చేయాల్సిందే. ఈ చిన్న తీర్మానాలను మాత్రం వదిలేస్తున్నాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో వాటి నకళ్లు ఎవరైనా అడగవచ్చు, పేజీల ఖర్చు అదనం. ప్రతి మండల సంఘం తన రైతులు అమ్ముకునే మార్కెట్ కమిటీ నుంచి గత ఏడాది తీర్మానాలు తెప్పించాలి. ఏం ఒప్పుకున్నారు, ఏం చేశారు అన్నది యార్డులో తిరిగి సరిచూసి, రైతుల ముందు చదివి వినిపించాలి. మన డబ్బుకు మనం లెక్క అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?