'యు' సర్టిఫికెట్ సినిమాకు పోలీసు కాపలా

2019 ఆగస్టు 20. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు సినిమా చూస్తుంటే పోలీసులొచ్చారు. సినిమా ఆపించారు. ఆరుగురిని పట్టుకుపోయారు. ఇంతకూ అది ఏ నీలిచిత్రం? ఏ బాంబుల తయారీ పాఠం?

'రామ్ కే నామ్'. 1992 నాటి డాక్యుమెంటరీ. సెన్సార్ బోర్డు 'యు' సర్టిఫికెట్ ఇచ్చింది, అంటే పసిపిల్లలు కూడా చూడొచ్చు. జాతీయ అవార్డూ వచ్చింది. హైకోర్టు మొట్టికాయ వేస్తే 1997లో దూరదర్శన్ దేశమంతటికీ చూపించింది. టీవీలో ఊరూవాడా చూసిన సినిమాను యూనివర్సిటీ పిల్లలు చూస్తే నేరమెట్లయితది?

తీసినాయన ఆనంద్ పట్వర్ధన్. 1950లో బొంబాయిలో పుట్టారు. 1974లో బీహార్‌లో జేపీ ఉద్యమం లేస్తే అక్కడికి పోయి కెమెరా పట్టారు. ఎమర్జెన్సీలో ఆ రీళ్లు ముక్కలు ముక్కలుగా దేశం దాటిపోయాయి. అప్పటి నుంచి ఆయన సినిమాకు, సర్కారుకు మధ్య కొట్లాట ఆగలేదు.

1985లో 'బాంబే అవర్ సిటీ' తీశారు. మున్సిపాలిటోళ్లు గుడిసెలు కూలుస్తున్నారు. అక్కడో ఆడమనిషి కెమెరాకు ఎదురుతిరిగింది. మా బాధ ఫొటోలు తీసుకుపోయి మీరు పేరు తెచ్చుకుంటారు, మాకేం ఒరుగుతుందన్నట్టు కడిగేసింది. మేం రిపోర్టర్లమైతే ఆ ముక్క కత్తిరించి పారేసేవాళ్లం (నేనైతే తప్పకుండా). ఆయన సినిమాలోనే ఉంచారు. మరుసటేడు బొంబాయిలో గుడిసెవాసుల కోసం నిరాహారదీక్షకు కూర్చున్నారు కూడా.

ఆయన ఒకవైపే చూపిస్తారని కొందరి ఫిర్యాదు. నిజంగా చూసినవాళ్లు ఆ మాట అంటారా? 'రామ్ కే నామ్'లో కరసేవకులు కెమెరా ముందు తమ మాట తాము చెప్పుకుంటారు. రాముడు ఏ సంవత్సరంలో పుట్టాడని అడిగితే ఓ కుర్రాడు నీళ్లు నములుతాడు. అది డైరెక్టరు కల్పించింది కాదు. అదే సినిమాలో పూజారి లాల్‌దాస్ కనిపిస్తారు. అయోధ్య గుడికి కోర్టు నియమించిన పూజారి. ఈ గొడవంతా ఓట్ల కోసం, నోట్ల కోసమని కుండబద్దలు కొట్టారు. 1993 నవంబర్‌లో ఆయన్ను కాల్చి చంపారు.

2002లో 'వార్ అండ్ పీస్'. అణుబాంబు మీద తీస్తే సెన్సార్ వాళ్లు 21 కోతలు అడిగారు. ఒక్కటీ ఒప్పుకోలేదు. కోర్టుకు పోయి 2003లో ఒక్క కోత లేకుండా తెచ్చుకున్నారు. దూరదర్శన్‌తో కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది, 2006లో అక్కడా గెలిచారు.

నాకు అన్నిటికంటే దగ్గరి సినిమా 'జై భీమ్ కామ్రేడ్'. 1997 జూలై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేద్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిమంది చచ్చిపోయారు. అది చూసి తట్టుకోలేక నాలుగు రోజులకే విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నాడు. ఎవరాయన? పాటగాడు. 'బాంబే అవర్ సిటీ'లో పాడింది ఆయనే. ఆ చావు వెంట పడి పట్వర్ధన్ 14 ఏళ్లు తిరిగారు. కేసు ఏమైంది, బస్తీ ఏమైంది, పాటేమైంది అని. 2011లో గానీ సినిమా తయారు కాలేదు. పాటగాడి విలువ ఏందో, ధూంధాంలో గొంతు కలిపిన మనకు ఒకరు చెప్పాల్నా?

ఇగ మళ్లా మన దగ్గరికే వద్దాం. 2024 జనవరి 20న హైదరాబాద్‌లోనే ఓ కేఫ్‌లో 'రామ్ కే నామ్' వేస్తే మళ్లీ పోలీసులు. మళ్లీ అరెస్టులు. 2019లో ఉన్నది ఒక పార్టీ సర్కారు, 2024లో ఇంకో పార్టీది. లాఠీ మాత్రం మారలేదు. ఉద్యమంలో మా మీటింగులకు పర్మిషన్ లేదన్న గొంతే ఇది. స్వరాష్ట్రంలోనూ ఆ గొంతే వినాల్నా?

డైరెక్టరే ఆ సినిమాను యూట్యూబ్‌లో పెట్టారు. గంటంపావు ఉంటది. హాస్టల్ గదిలో నలుగురు కూర్చుని చూడండి, తలుపు తీసే పెట్టండి.