ఆటకు శాసనకర్త యెవరు?

1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు హైదరాబాదులోని మాదాపురము, దాని చుట్టుపట్టులు కంప్యూటరు కొలువులకు పేరుపడినవి. పగలెల్ల యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయు యువతీయువకులలో కొందరు సెలవునాటి సాయంకాలము బల్లచుట్టు చేరి, అట్టపై అచ్చువేసిన దేశములను పాచికలతో జయించు యుద్ధక్రీడలు ఆడుచుందురు. ఇట్టి ఆటలే కంప్యూటరులో ఇంతకంటె హంగుగా దొరకును గదా, ఈ అట్టముక్కలేల? కారణములు పెక్కు ఉండవచ్చును గాని ఒకటి ఉపాధ్యాయులు ఆలోచింపదగినది. అట్టమీది ఆటకు నియమములను ఆడువారే మార్చుకొనవచ్చును.

1957లో ఫ్రాన్సున వెలువడిన "రిస్క్" అను ఆటను చూడుడు. దానిని కల్పించినవాడు ఆల్బెర్ లామొరిస్ అను చలనచిత్ర దర్శకుడు. అందు ప్రపంచము 42 ఖండికలు. దండెత్తువానికి మూడు పాచికలవరకు, కాచుకొనువానికి రెండువరకు. అంకెలు సమానమైనచో కాచుకొన్నవానిదే గెలుపు. ఆట సాగినకొలది చీట్లకు బదులుగా లభించు సైన్యము పెరుగుచుండును. కొందరు ఈ పెరుగుదలను రద్దుచేసి ఆడుదురు. అప్పుడు ఆట ఒకంతట తెగదు. ప్రచురణకర్తలే ఇట్టి మార్పులు కొన్నింటిని ఐచ్ఛిక నియమములుగా అచ్చువేయుట కలదు. మిగిలినవి ఇంటింటి కట్టుబాట్లు.

అచ్చులో ఉన్నదే ఆట, మార్చినచో అది వేరొక ఆట అని వాదించువారున్నారు. వారు చదరంగపు చరిత్రను మరచినట్లున్నది. ఒకనాడు మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. అతనికి నేటి పొడవైన నడక లభించినది 15వ శతాబ్దాంతమున, ఐరోపాలో. దేశీయ పద్ధతిలో బంటు తొలియెత్తున సయితము ఒక్క గడియే నడచెడిది. ఆ పద్ధతిని తండ్రివద్ద నేర్చిన మీర్ సుల్తాన్ ఖాన్, పిదప అంతర్జాతీయ నియమములను అభ్యసించి 1929లో బ్రిటిషు ఛాంపియనయ్యెను. నేడు శాసనముగా తోచునది నాడు ఎవరో కొందరు చేసికొన్న ఏర్పాటే.

తెలుగు పల్లెల యుద్ధక్రీడయైన పులిజూదమునకు అచ్చుపుస్తకమే లేదు. రచ్చబండలపై, గుడి మండపముల రాతిపలకలపై గీచిన గీతలే దానికి ఆధారము. మూడు పులులు, 15 మేకలు అనునది ప్రసిద్ధమైన లెక్క. కాని ఊరు మారిన లెక్క మారును. మేకలన్నియు దిగకముందే వానిని కదపవచ్చునా? పులి ఒక్క యెత్తున రెండు మేకలను దూకవచ్చునా? వేర్వేరు ఊళ్లవారు ఎదురెదురుగ కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు ముందు తేలవలెను.

ముందు తేలకపోయిన నేమగునో వ్యాసభారత సభాపర్వము చెప్పుచున్నది. ధర్మరాజు జూదమునకు వచ్చిన తరువాత, పణము తనదనియు పాచికలు శకుని వేయుననియు దుర్యోధనుడు ప్రకటించెను. ఒకరికై వేరొకరు ఆడుట సరికాదని ధర్మరాజు అననే అనెను, అనియు ఆడెను. తుదకు, తన్నుతాను ఓడినవానికి భార్యను ఒడ్డు అధికారము కలదా యని ద్రౌపది ప్రశ్నించినప్పుడు భీష్ముడంతటివాడును తేల్చి చెప్పలేకపోయెను. ఆ సంశయము పాచికలు దొరలకముందే తీరవలసినది.

ప్రష్యా సైనికాధికారులు దీనికి వేరొక మార్గము త్రొక్కిరి. 1824లో అచ్చయిన వారి యుద్ధక్రీడ పట్టికలతో, పాచికలతో నిండియుండెను. 1876లో వెర్దీ దు వెర్న్వా అను సేనాని ఆ బరువును దించి, నిర్ణయమును అనుభవజ్ఞుడైన మధ్యవర్తికే వదలెను. సైన్యమున అది చెల్లును. బడిలో మధ్యవర్తి యనగా ఉపాధ్యాయుడే. అన్ని తగవులు ఆయనయే తీర్చినచో పిల్లలు నేర్చునది విధేయత యొక్కటే.

చేతిలోని ఫోనులో ఆ తగవునకు సయితము తావులేదు. అందలి నియమము మూతవేసిన పెట్టెలోనిది. ఈసారి ఇట్లు ఆడుదమా యని బాలుడు ఎవరిని అడుగగలడు? అట్టి పెట్టెలను తయారుచేయు ఉద్యోగులే సాయంకాలము అట్టమీది ఆటకు చేరుట వింత కాదు.

కావున బడిలో వారమునకొక గంట పులిజూదమునకు ఈయవచ్చును. మేకలెన్నియో, పులి ఎట్లు దూకవలెనో పిల్లలే వాదించుకొని పలకపై వ్రాసికొందురు. పన్నెండు మేకలతో ఆడి పులులే గెలుచుచున్నవని తోచిన, మరుసటి ఆటకు లెక్క పెంచుకొందురు. నడుమ పెంచిన అది తొండి. మరీ చిన్నవాడు వచ్చిన వానిని ఆటలో అరటిపండుగా చేర్చుకొనుట తెలుగు పిల్లలకు ఎవరును నేర్పనక్కరలేదు. అదియు పలకపై ఎక్కవలసినదే.