శబ్దం ఆగితే రోగం పోయినట్టేనా?

ముందే చెప్తున్నా, ఈ టపా కొంతమందికి నచ్చదు. ముఖ్యంగా పాత డీజిల్ కారు అమ్మేముందు "ఒక్కసారి చిక్కటి ఆయిలు పోయించు బాసూ, టాపెట్ సౌండు వినపడదు" అని పక్క క్యూబికల్ వాడికి సలహా ఇచ్చే మహానుభావులకి అస్సలు నచ్చదు. నచ్చకపోయినా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

నా వాదన ఇంతే. ఇంజను పైభాగం నుంచి వచ్చే టకటక శబ్దం రోగం కాదు, రోగ లక్షణం. ఆయిల్ ప్రెషర్ కొలవకుండా ఆ శబ్దాన్ని అణిచేసేవాడు బాగుచేయట్లేదు, దాస్తున్నాడు. దాచిన ఖర్చు ఆవిరైపోదు. హైదరాబాదులో మనం దాచింది గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో అప్పు చేసి ఆ కారు కొన్న డ్రైవరు నెత్తిన పడుతుంది.

అసలు ఈ టాపెట్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి కాస్త చెప్తాను. పుస్తకాల్లో వాల్వ్ లిఫ్టర్ అంటారు, మన షెడ్డుల్లో అన్నిటికీ టాపెట్ అనే పేరు. అంబాసిడర్ రోజుల్లో ఇది గట్టి ఇనప ముక్క. వేడికి లోహం సాగుతుంది కాబట్టి మధ్యలో కొంచెం సందు వదలాలి. అంబాసిడర్‌కి ఆ సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు. ఫీలర్ గేజి పెట్టి, స్క్రూ తిప్పి, నట్టు బిగిస్తే అయిపోయింది. మారుతి 800లో కూడా స్క్రూ పద్ధతే. అప్పట్లో టాపెట్ కొడుతోందంటే సెట్టింగు పోయిందని అర్థం, అరగంట పని.

తర్వాత వచ్చిన చాలా ఇంజన్లలో ఆ స్క్రూ లేదు. మన జిల్లాల్లో టాక్సీగా తిరిగే పాత స్విఫ్టులు, డిజైర్లలో ఉన్న 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజనునే తీసుకోండి. 2007లో స్విఫ్టుతో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో మారుతి డీజిల్ కార్లు ఆపేసేదాకా లక్షల కార్లలో కూర్చుంది. పదహారు వాల్వులు, పదహారు హైడ్రాలిక్ టాపెట్లు. ఒక్కోదాని లోపల ఒక ప్లంజరు, ఒక స్ప్రింగు, ఒక చిన్న గోళీ వాల్వు. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు లోపలికి ఆయిలు వచ్చి సందుని పూడ్చేస్తుంది. క్యామ్ నొక్కగానే గోళీ దారి మూసేస్తుంది, లోపల చిక్కిన ఆయిలు గట్టి ఇనుములా పనిచేస్తుంది. ప్రతి నొక్కుడుకీ రవ్వంత కారుతుంది, మళ్ళీ నిండుతుంది. ప్లంజరుకీ గొట్టానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే.

అంటే ఇక్కడ సెట్టింగు చేసేది మేస్త్రీ కాదు, ఆయిలు! ఆయిలు సరిగ్గా రాకపోతే టాపెట్ కొడుతుంది. అది వాగుడుకాయ కాదు, మనకి ఎర్రర్ లాగ్ రాస్తోందన్నమాట. మనం చేసేదేంటి? లాగింగ్ లెవెల్ తగ్గించేయడం :)

ఇప్పుడు ప్రెషర్ సంగతి. ఆయిల్ పంపు ప్రెషర్ పుట్టించదు, ప్రవాహం పుట్టిస్తుంది. క్రాంకు బేరింగుల సన్నటి సందుల్లోంచి ఆ ప్రవాహం దూరి బయటపడటానికి పడే కష్టమే ప్రెషర్. బేరింగు అరిగి సందు పెరిగితే ఆయిలు సులువుగా కారిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది. ఇంజనీరింగులో చదువుకున్నాం కదా, సన్నటి సందులోంచి కారే ప్రవాహం ఆ సందు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సందు రెట్టింపైతే కారేది రెండింతలు కాదు, ఎనిమిదింతలు. అందుకే రెండు లక్షల కిలోమీటర్లు బాగానే తిరిగిన ఇంజను ఉన్నట్టుండి ఒక్క వేసవిలో కూలబడినట్టు కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఏమీ కాలేదు, మనం చూడలేదంతే.

సరే, మనవాళ్ళు వాడే చిట్కాలు ఒక్కొక్కటీ చూద్దాం.

ఒకటి, చిక్కటి ఆయిలు. 20డబ్ల్యూ-50 అని డబ్బా మీద ఉంటుంది. ఆ రెండో అంకె ఇంజను వేడెక్కాక ఉండే చిక్కదనానికి గుర్తు. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిలు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 మధ్య. 30 గ్రేడుకి తయారుచేసిన ఇంజనులో 50 పోస్తే అరిగిన సందుల్లోంచి తక్కువ కారుతుంది, ప్రెషర్ కాస్త పెరుగుతుంది, శబ్దం తగ్గుతుంది. నిజమే. కానీ పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు అదే చిక్కటి ఆయిలు టాపెట్ల సన్న దారుల్లోకి, టర్బో బేరింగులోకి, టైమింగ్ చెయిన్ టెన్షనర్‌లోకి ఆలస్యంగా చేరుతుంది. మల్టీజెట్‌లో ఆ మూడూ ఆయిలు మీద ఆధారపడ్డవే. మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రాముకి ర్యామ్ పెంచడం లాంటిది ఇది. నాలుగు రోజులు నడుస్తుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది.

రెండు, రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు పెట్టడం. ఇది నాకు మరీ నవ్వొచ్చే చిట్కా. రిలీఫ్ వాల్వు పని, ప్రెషర్ మరీ ఎక్కువైతే తెరుచుకుని తగ్గించడం. స్లోలో ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడు అది ఎలాగూ మూసుకునే ఉంటుంది! మూసి ఉన్న తలుపుకి ఇంకో గొళ్ళెం వేస్తే ఇల్లు వెచ్చబడుతుందా? స్లో ప్రెషర్ కొంచెం కూడా పెరగదు, గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఫిల్టరు మీద, సీళ్ళ మీద భారం పెరుగుతుంది.

మూడు, కొలవకుండా టాపెట్లు మొత్తం మార్చేయడం. ఇది కాస్త నిజాయితీ గల తప్పు. పదహారు కొత్త టాపెట్లు వేస్తారు, నెల రోజులు ఇంజను చక్కగా ఉంటుంది, మళ్ళీ కొడుతుంది. ఎందుకంటే వాటికి చేరే ఆయిలే సరిగ్గా లేదు. కింద బేరింగో, బురద పట్టిన సంపు జాలీయో దోషి అయితే పైన ఉన్నవాళ్ళకి శిక్ష వేశాం.

నాలుగు, "ఎర్ర లైటు వెలగట్లేదుగా, ప్రెషర్ బానే ఉంది" అనడం. ఆ లైటు స్విచ్చి సాధారణంగా ప్రెషర్ అర బార్ కన్నా కిందికి పడిపోతేనే పనిచేస్తుంది. అది వెలిగేసరికి బేరింగుల పని చాలా వరకు అయిపోయి ఉంటుంది. దొంగలు పడ్డ ఆరునెలలకి మొరిగే కుక్క అది. లైటు లేకపోవడం ఆరోగ్యానికి సర్టిఫికెట్ కాదు.

ఇదంతా గాల్లో మాట్లాడట్లేదు. మా పెద్దమ్మ కొడుకు పెబ్బేరు దగ్గర ఉంటాడు, సొంత కారు నడుపుకుంటాడు. అలంపురం, బీచుపల్లి, శ్రీశైలం కిరాయిలు. హైదరాబాదులో ఒక సాఫ్టువేరు ఉద్యోగి దగ్గర ఎనిమిదేళ్ళ డీజిల్ కారు కొన్నాడు, ఫైనాన్సు మీద. చూసినప్పుడు ఇంజను పిల్లిలా ఉంది. నెల తిరిగాక ఆయిలు మార్పిద్దామని షెడ్డుకెళ్తే కిందికి బెల్లంపాకంలా దిగింది. కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆయిలు పోయగానే టకటక మొదలు. "ఏం గాదు తమ్మీ, మళ్ల గట్టి ఆయిల్ పోస్తె బందైతది" అన్నాడట మేస్త్రీ. వీడు వినలేదు, పైసలూ లేవు, అలాగే నడిపాడు. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి నల్లమల ఘాటు ఎక్కి దిగాక, బండి స్లోలో పెడితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. సంపు విప్పితే బిగ్ ఎండ్ బేరింగుల్లో రాగి రంగు కనిపిస్తోంది. బేరింగు సెట్టు, క్రాంకు పాలిషింగు, లేత్ పని... కర్నూలు తిరుగుళ్ళు వేరే. కారు షెడ్డులో ఉన్న ఐదు వారాలూ ఈఎంఐ మాత్రం ఆగలేదు.

అమ్మిన అన్న మంచివాడే అయ్యుంటాడు. కోడ్ రివ్యూలో ఒక్క వార్నింగు కనిపిస్తే జూనియర్‌ని నిలబెట్టి అడిగే రకమే అయ్యుంటాడు. కారు దగ్గరికొచ్చేసరికి పైన పటారం, లోన లొటారం! ప్రొడక్షన్‌లో ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది. కారు విషయంలో చేస్తే "బేరం బాగా కుదిరింది" అని ట్రీట్ ఇస్తాం.

"మరి తప్పు మేస్త్రీలది కాదా?" అంటారు. కొంత ఉంది. కానీ ఒకటి ఆలోచించండి. రూట్ కాజ్ ఎనాలిసిస్ అని పేరు పెట్టి గంటల లెక్కన క్లయింటుకి బిల్లు వేసే జాతి మనది. అదే మేస్త్రీ "గేజి పెట్టి చూస్తా, మూడొందలు ఇయ్యుండ్రి" అంటే, "చూడ్డానికి కూడా డబ్బులా?" అని మొహం మాడ్చుకుంటాం. కొత్త పార్టుకి ఐదు వేలు కిమ్మనకుండా ఇస్తాం, కొలతకి మూడొందలు ఇవ్వం. దేనికి డబ్బులొస్తే ఆ పనే జరుగుతుంది. పార్టులు మార్చడానికే డబ్బులిస్తే పార్టులే మారుస్తారు మరి. ఇంకో మాట. వనపర్తిలో 1959లో నెహ్రూ ప్రారంభించిన పాలిటెక్నిక్ రాజుగారి భవనంలో మొదలైంది. చదువు ఈ నేలకి అప్పుడే వచ్చింది. బేరింగులో ఆయిలు పొర గురించి పది మార్కుల ప్రశ్న రాసి పాసైన మనలాంటివాళ్ళం మాత్రం ఆ పొర గురించి ఊళ్ళో షెడ్డులో ఒక్కసారైనా మాట్లాడామా?

ఇంకో వర్గం ఉంది. "ఎందుకీ గోల, పాతవి తుక్కు చేసేయాలి" అంటారు. 2021 ఆగస్టులో తుక్కు విధానం వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయ్యింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేశారు. పొగ మీద పట్టింపు ఉండాల్సిందే, కాదనను. కానీ ఇంజను వయసు ఆర్‌సీ మీద ఉండదండీ, బేరింగు సందులో ఉంటుంది. సరైన ఆయిలు తాగి పదిహేనేళ్ళు నడిచినది, చిక్కటి ఆయిలుతో మేకప్ వేసుకున్న ఎనిమిదేళ్ళదాని కన్నా పడుచుది.

మరి ఏం చెయ్యాలి? వరస మారిస్తే చాలు.

ముందు ఆయిలు మట్టం, గ్రేడు చూడండి. మట్టం తక్కువైనా, మరీ ఎక్కువై క్రాంకు చిలికినా ఆయిల్లో గాలి చేరి టాపెట్ మెత్తబడుతుంది. తర్వాత ప్రెషర్ స్విచ్చి విప్పి అక్కడ మెకానికల్ గేజి బిగించండి. ఇంజను బాగా వేడెక్కాక స్లోలో ఒకసారి, రెండు మూడు వేల ఆర్‌పీఎం దగ్గర ఒకసారి రీడింగు తీసుకుని సర్వీసు మాన్యువల్‌తో పోల్చండి. మాన్యువల్ దొరకకపోతే వెయ్యి ఆర్‌పీఎంకి పది పీఎస్‌ఐ అనే పాత లెక్క ఉంది, అది అంచనాకే. ప్రెషర్ తక్కువుంటే కిందికి వెళ్ళండి: సంపు జాలీ, పంపు, బేరింగు సందు. ప్రెషర్ బాగుండి కూడా కొడుతుంటేనే పైకి వెళ్ళండి.

పైకి వెళ్ళాక కూడా కంగారు వద్దు. టాపెట్లు తీసేటప్పుడు నంబర్లు రాసి దేని చోటు దానికే ఉంచాలి. విప్పే రకమైతే ఒక్కోటి విడిగా కడగాలి, ఒకదాని ప్లంజరు ఇంకోదాంట్లో వేయకూడదు. గోళీ కూర్చునే చోట గీతలుంటే అది పనికిరాదు. శుభ్రమైన నూనెలో ముంచి గాలంతా పోయేదాకా నొక్కాలి, చివరికి వేలికి గట్టిగా తగలాలి, స్పాంజిలా అణగకూడదు. చాలా చిన్న టాపెట్లు విప్పడానికి చేసినవి కావు, వాటిని మార్చడమే దారి. మార్చండి, కానీ కొలిచాక మార్చండి. పొద్దున్నే రెండు మూడు సెకన్లు కొట్టి ఆగిపోతే అసలు ముట్టుకోకండి, రాత్రంతా ఆయిలు కిందికి జారడం మామూలే.

చివరిగా ఒక్క డిమాండు. అప్పుడప్పుడూ మన పాత కార్లు అమ్ముతూనే ఉంటాం, అవి 44వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోతూనే ఉంటాయి. అమ్మేటప్పుడు ఆర్‌సీ, ఇన్స్యూరెన్సు కాయితాలతో పాటు ఇంకో కాయితం ఇవ్వండి. వేడి ఇంజను స్లోలో ఎంత ప్రెషర్, మూడు వేల దగ్గర ఎంత, లోపల ఏ గ్రేడు ఆయిలు, ఏ తేదీన కొలిచారు. నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్ల వల్ల మీకు ఓ పదిహేను వేలు తగ్గొచ్చు. అవి మీవి కావు, కొనేవాడివి.

కొనేవాళ్ళకి కూడా అదే మాట. ఆ కాయితం ఇవ్వనంటే డిప్‌స్టిక్ తీసి చల్లటి ఆయిలు వేళ్ళ మధ్య రుద్ది చూడండి. పాకంలా సాగితే దండం పెట్టి వచ్చేయండి.