క్యారెట్‌కు ఉల్లి కాపలా చాలదు

సంపాదకులకు,

పెరటి క్యారెట్ల మధ్య ఉల్లి నాటితే పురుగు రాదన్న మీ వ్యాసం చదివాను. ఆ చిట్కా యూరప్ చలిదేశాల్లో క్యారెట్ ఈగ కోసం పుట్టింది. మన మడుల్లో దుంపను చెడగొట్టేది ఎక్కువగా వేరు బుడిపె నులిపురుగు. మట్టిలో ఉండేదానికి ఉల్లి ఘాటు ఓ లెక్కా? దుంప చీలి, పిల్లవేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే దాన్నే అనుమానించాలి.

విత్తాక చేయగలిగింది తక్కువ. అందుకే ముందుగానే, మే నెలలో మడిని బాగా తడిపి, తెల్లటి పారదర్శక పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు వదిలేయాలి. (ఎండకు మనకేం కొదవ!) వానాకాలంలో అక్కడే బంతి వేయాలి. గట్టున నాలుగు మొక్కలు అందానికే. మడి నిండా ఉండాలి. అక్టోబరులో విత్తే ముందు, రెండు వారాలు ఉందనగా వేపపిండి కలపాలి. పేనుబంకంటారా, గట్టి నీళ్ల ధారకే రాలిపోతుంది.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్