మోకాలి పరీక్షలో మా ప్రశ్న ఏది?

మోకాళ్లరుగుడు ముసలితనంతో వచ్చేదే కదా, దానిక్కూడా కులం అంటగడతారా అని అడిగే పెద్దమనుషులున్నారు. వయసుతో కీళ్లు అరుగుతాయి, నిజమే. ఒంటి బరువుతోనూ, పాత దెబ్బలతోనూ అరుగుతాయి. కానీ ఏళ్ల తరబడి మోకాళ్ల మీద కూచుని చేసే చాకిరీతో, బరువులు మోసే చాకిరీతో కూడా అరుగుతాయని వైద్యశాస్త్రమే చెబుతోంది. ఆ చాకిరీ ఈ దేశంలో ఎవరి నెత్తిన రాసిపెట్టారో మేం కొత్తగా చెప్పాలా? భోలక్‌పూర్‌లో తుక్కు ఏరేదెవరు? మోండా మార్కెట్ చెత్త ఎత్తేదెవరు? మారేడ్‌పల్లి బంగళాల్లో బండలు తుడిచేదెవరు?

అయితే ఈసారి మా తగువు జబ్బుతో కాదు. దాన్ని కొలిచే కొలతతో.

ఒకప్పుడు ఎక్స్‌రే చూసి జబ్బు ఎంతుందో తేల్చేవాళ్లు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 0 నుంచి 4 దాకా మెట్లు పెట్టారు. కానీ ఎక్స్‌రేలో అరుగుడు కొంచెమే కనిపించినా అడుగు తీసి అడుగు వేయలేని వాళ్లున్నారు, ఎక్కువ కనిపించినా తిరుగుతున్న వాళ్లున్నారు. అందుకని నొప్పి సంగతి రోగినే అడగాలన్నారు. మంచి మాటే. అట్లా 1980లలో కెనడాలో వొమాక్ అనే ప్రశ్నపత్రం తయారైంది. అందులో 24 ప్రశ్నలు. నొప్పి మీద 5, కీళ్లు బిగుసుకుపోవడం మీద 2, రోజువారీ పనుల మీద 17. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 96. మా బడి పరీక్షకిది తలకిందులు: మార్కులు పెరిగితే జబ్బు పెరిగినట్టు. వైద్యానికి ముందోసారి, తర్వాతోసారి అడిగి తేడా చూస్తారు. ఏ మందు పనిచేసింది, ఏ ఆపరేషన్ ఫలించింది అని తేల్చడానికి ప్రపంచమంతా వాడే కొలతల్లో ఇదొకటి.

ఆ 17 పనుల్లో ఏమున్నాయో చూడండి. మెట్లు ఎక్కడం దిగడం, నిలబడటం, నడవడం ఉన్నాయి, అవి అందరివీ. కారెక్కడం దిగడం ఉంది. సాక్సులు తొడగడం ఒక ప్రశ్న, విప్పడం ఇంకో ప్రశ్న. స్నానాల తొట్టిలోకి దిగి లేవడం ఉంది. గొంతుక్కూచుని లేవడం మాత్రం లేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూచోవడం లేదు. నిండు బిందె ఎత్తుకోవడం లేదు. కూలి పని ఊసే లేదు.

జీవితంలో సాక్సు తొడగని ముసలమ్మ ఈ ప్రశ్నకేం చెప్పాలి? "నాకు దాంతో ఇబ్బందేం లేదు బిడ్డా" అంటది. రాసేవాడు సున్నా వేస్తే ఆమె జబ్బు అంతమేరకు తగ్గినట్టే! లేనితనాన్ని ఆరోగ్యం కింద జమకట్టే లెక్క ఇది. పరీక్షలు పెట్టే పంతుళ్లం గనక మాకీ కిటుకు తెలుసు. పిల్లవాడు చదివింది అడక్కుండా ఫెయిల్ చేయొచ్చు. ఇక్కడ, పడే బాధ అడక్కుండా పాస్ చేస్తున్నారు.

1998లో స్వీడన్ వాళ్లు ముందుకు తెచ్చిన కూస్ అనే ప్రశ్నపత్రంలో గొంతుక్కూచోవడం, మోకరిల్లడం ఉన్నాయి. ఏ శీర్షిక కిందో తెలుసా? ఆటలు, వినోదం! పరుగు పక్కన, గెంతడం పక్కన. పొద్దున్నుంచి పదిళ్ల గిన్నెలు గొంతుక్కూచుని తోమే మా అక్కది ఏ ఆట? ఎవరి వినోదం?

ఆ దేశాల డాక్టర్లు కుట్ర చేశారని మేమనడం లేదు. వాళ్ల ముందు కూచున్న రోగుల బతుకు చూసి ప్రశ్న రాసుకున్నారు. మా ముందున్న రోగుల్ని చూసి ప్రశ్న రాయడానికి ఇక్కడివాళ్లకు ఏం అడ్డమొచ్చింది? పూణేలోని రుమాటిక్ జబ్బుల కేంద్రం వాళ్లు 1996లో భిగ్వాన్ ఊళ్లో ఇంటింటికీ తిరిగి కీళ్లజబ్బులు లెక్కగట్టారు. వొమాక్ ప్రశ్నల్ని కూడా మన దేశపు అలవాట్లకు తగ్గట్టు మార్చుకున్నారు. అంటే చెయ్యాలనుకుంటే అయ్యే పనే.

ఇంకో మోసం ఉంది. నొప్పికి ఓర్చలేక పని మానేసిన మనిషికి నొప్పి కొంత తగ్గుతది. మూడు నెలల తర్వాత అడిగితే మార్కులు దిగుతాయి. కాగితం మీద బాగుపడ్డది, ఇంట్ల పొయ్యి ఆరింది. కూలి పోయిన రోజుల్ని లెక్కలోకి తేని కొలత దీన్ని పట్టుకోలేదు.

కొలత లేకపోతే హక్కూ లేదు. బ్రిటన్‌లో వ్యవసాయం చేసేవాళ్ల తుంటి అరుగుడును 2005లో, బొగ్గుగని కార్మికుల మోకాళ్లరుగుడును 2009లో వృత్తిజబ్బులుగా ఒప్పుకున్నారు. 2012లో తివాచీలు పరిచేవాళ్లనూ చేర్చారు. జర్మనీ 2009లో గంటలే లెక్కగట్టింది: మోకాళ్ల మీద, లేదా గొంతుక్కూచుని, జీవితంలో 13,000 గంటలు. రోజుకు 4 గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకోండి. పదకొండేళ్లు నిండకముందే మా వాళ్లు ఆ లెక్క దాటుతారు. మన దగ్గర 1923 నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో వృత్తిజబ్బుల జాబితా రాశారు. అందులో మోకాళ్లరుగుడు అనే పేరు లేదు. తోలు తడిపినోడి మోకాలు, మోరీ తీసినోడి మోకాలు "వయసైపోయింది" అన్న ఒక్క ముక్కతో కొట్టుకుపోతున్నాయి.

మేం అడిగేది ఇదీ. సర్కారు దవాఖానాల్లో కీళ్లనొప్పులతో వచ్చిన ప్రతి మనిషినీ మా మాటలో అడగండి: గొంతుక్కూచుంటే లేవొస్తదా? నేల మీద కూచొని తినొస్తదా? బిందె ఎత్తొస్తదా? చెత్త బండి ఎక్కొస్తదా? ఈ నెలల ఎన్ని దినాల కూలి పోయింది? జవాబులు ఓపీ చీటీ మీద రాయండి, మూడు నెలలకు మళ్లీ అడగండి. ప్రశ్నలు తోచినట్టు మారిస్తే చాలదనీ తెలుసు. ఒకే మనిషిని రెండుసార్లు అడిగితే ఒకే జవాబు వస్తుందా, బాధ మారినప్పుడు మార్కూ మారుతుందా అని పరీక్షించాలి. చదువురాని మనిషికి చదివి వినిపించాలి, "నువ్వు" అని కాదు, "మీరు" అని. ఆ పరీక్ష చేయాల్సిన మెడికల్ కాలేజీలు మన పన్నులతోనే నడుస్తున్నాయి.

ఎంత పని చేశావని మా మోకాళ్లను తరతరాలుగా కొలుస్తూనే ఉన్నారు. ఎంత అరిగావని కొలిచే రోజు రావాలి. ఆ ప్రశ్నపత్రం రాసేచోట మేమూ కూచుంటాం.