అర్జీలో ఒక్క మాట

ఢిల్లీలోని ధౌలా కువాన్ మెట్రో స్టేషనునుండి, రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ధరించిన సౌత్ క్యాంపస్ స్టేషనువరకు 2019లో తెరచిన ఆకాశమార్గము కిలోమీటరుకు పైచిలుకు. కదలు పట్టీలమీద సైతము కుర్రవాండ్రు పరుగులు తీయు ఆ దారిలో, కీమోథెరపీతో అరికాళ్లు మొద్దుబారిన నా మిత్రుడొకడు కమ్మీని ఊతగొని మూడు మారులు ఆగి, నాలుగవ మారు ఆగినప్పుడు జేబులోనుండి మడత కాగితము తీసి నా చేత బెట్టెను.

"రేపు ఆఫీసులో ఇచ్చేస్తున్నా. ఇంగ్లీషు సరిగా ఉందా, చూడు."

ఇంగ్లీషు నిర్దుష్టముగనే యున్నది. దోషమెల్ల ఒక్క మాటలో నున్నది. 1999నుండి కేంద్రప్రభుత్వపు కొలువులో నున్న ఆయన, చికిత్స ముగిసి రిపోర్టులన్నియు బాగుగానే వచ్చినను, పోయిన సత్తువ తిరిగి రాక, ఇక పని మానుకొందునని నిశ్చయించుకొని, రాజీనామా చేయుచున్నానని వ్రాసినాడు.

కొలువు మానుట యొక్కటియే యైనను, మానిన తీరునుబట్టి ఫలము మారును. అనుమతితో మరియొక ప్రభుత్వోద్యోగమున చేరుటకై యిచ్చినది తప్ప, రాజీనామా యిచ్చినవానికి గడచిన సర్వీసంతయు పింఛను నియమముల ప్రకారము రద్దగును. 2004కు పూర్వము చేరి 20 ఏండ్లు నిండినవాడు మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ కోరినచో, మూలవేతనములో సగము పింఛనుగా వచ్చును. వైద్యమండలి పనికి తగడని ధ్రువపరచినచో వచ్చు అశక్తతా పింఛను వేరొకటి గలదు. కాని ఆ త్రోవను పోయినవాడు పింఛనులో కొంత భాగమును ఒకేమారు రొక్కముగా మార్చుకొనదలచినచో మరల వైద్యపరీక్షకు నిలువవలెను. కాన్సరు వచ్చి పోయినవానికి ఆ పరీక్ష యెట్లుండునో చెప్పనేల! స్వచ్ఛందముగా విరమించి ఏడాదిలోగా అడిగినవానికి ఆ బాధ లేదు.

వెంకటేశ్వర కళాశాల యెదుటి సత్యనికేతన్‌లో టీ త్రాగుచు, ఆ కాగితము వెనుకనే లెక్క వేసితిమి. మూలవేతనము 80,000 అనుకొన్నచో పింఛను 40,000. అందు నూటికి 40 పాళ్లు, అనగా 16,000, మార్చుకొనినచో నెలకు 24,000 మిగులును. కరువు భత్యము మాత్రము నిండు 40,000 మీదనే లభించును. కోతపడిన భాగము 15 ఏండ్లకు తిరిగి కలియును. ఈ మార్పిడి లాభమా నష్టమా యని పెన్షనర్లు తెగని తగవులాడుదురు గాని, ఆయన విషయమున నాకు సందేహము లేకపోయెను. ఏలయన ఆ కోత కుటుంబ పింఛనును అంటదు. ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆయనయే అనెను: "అంటే నేను పోయినా మా ఆవిడకి తగ్గదన్నమాట."

విశాఖకు తరలిపోవలెనని ఆయన కోరిక. పదేండ్ల చందా ఒక్కమారుగా కట్టినచో కేంద్రప్రభుత్వ ఆరోగ్య పథకపు (సి.జి.హెచ్.ఎస్.) కార్డు ఆజీవనము చెల్లును. నెలకు 650 చెల్లించువారికి అది 78,000. ఆ వసతి విశాఖలోనూ గలదు. అయితే స్కాను సీడీలు, బయాప్సీ స్లైడులు ఇచటి ఆసుపత్రినుండి ముందే తీసికొనవలెనని కాగితముపై ఒక మూలను వ్రాసికొనెను.

ఇక సెలవులు. జబ్బునకు అర్ధవేతన సెలవును మార్చుకొని వాడి, ఆర్జిత సెలవును దాచుకొనినచో, విరమణనాడు 300 దినములకు మించకుండ రొక్కమగును; మనవారు తొందరపడి ముందు ఆర్జిత సెలవునే ఖర్చు పెట్టుకొందురు. ఆయనయు నట్లే చేసినాడు, సగము.

ఆ రాత్రి ఫోను చేసి, "అర్జీ ఇవ్వడం లేదు. హాఫ్ పే ఎన్ని రోజులు మిగిలిందో రేపు సెక్షన్‌లో కనుక్కుంటా" అనెను.