చిప్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీకి మూత పెట్టండి

శనివారం మా అమ్మాయికి కూచిపూడి క్లాసు గంటన్నర. శాన్ రమోన్‌లో ఆ క్లాసు జరిగే చోట పార్కింగ్ లాట్‌లో చూస్తే నాలాంటి నాన్నలు పది మంది కార్లలో కూర్చుని కనిపిస్తారు. ఒకాయన సీటు వెనక్కి వాల్చి నిద్రపోతుంటాడు. ఒకాయన ఇండియాకి ఫోన్ చేసి పొలం కౌలు సంగతి మాట్లాడుతుంటాడు. నేను గేమ్ ఆడుతుంటాను. నలభై ఆరేళ్ల మనిషి ఈ మాట చెప్పుకోవడానికి మొదట్లో మొహమాటంగా ఉండేది, ఇప్పుడు లేదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువుల మధ్య నాకంటూ మిగిలే సమయం అదొక్కటే. టీవీ ముందు కూర్చుని ఆడే రోజులు ఎప్పుడో పోయాయి. చేతిలో పట్టుకుని ఆడే యంత్రం వచ్చాకే మళ్లీ ఆట నా జీవితంలోకి వచ్చింది.

ఇలాంటి యంత్రాల్ని ఇక్కడ హ్యాండ్‌హెల్డ్ అంటారు. పైకి పిల్లల ఆటవస్తువులా ఉన్నా లోపల ఉండేది పూర్తి స్థాయి కంప్యూటర్. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీ 399 డాలర్ల నుంచి స్టీమ్ డెక్ అమ్మడం మొదలుపెట్టాక ఈ రకానికి గిరాకీ వచ్చింది. తర్వాత ఏసస్, లెనోవో దిగాయి. 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ పేరు కలిపి ఏసస్‌తో ఒకటి తెచ్చింది. ఇక రాబోయే తరం యంత్రంలో ఏముండాలి అన్న చర్చ మా ఆఫీసు కాఫీ మెషీన్ దగ్గర కూడా నడుస్తోంది. ఇంకా వేగమైన చిప్, ఇంకా పెద్ద తెర, రెట్టింపు మెమరీ అని అందరూ కోరికల జాబితాలు చదువుతున్నారు. నా కోరిక వింటే మా టీమ్‌లో కుర్రాళ్లు నవ్వుతారు. వెనక ఒక మూత, అది తీస్తే బయటికొచ్చే బ్యాటరీ. నాకు ముందు కావలసింది అది.

ఎందుకో చెప్తాను. గత ఆగస్టులో ఒక రోజు మా అమ్మాయి నా హ్యాండ్‌హెల్డ్ తీసుకుని, "నాన్నా, దీని స్క్రీన్ ఒక పక్క లేచింది చూడు" అంది. చూస్తే లోపల బ్యాటరీ ఉబ్బి తెరను పైకి నెడుతోంది. కొని మూడేళ్లు కాలేదు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో సగం తప్పు నాది. ఎండాకాలం దాన్ని కారులో వదిలేసేవాణ్ని. ఇంట్లో ఉన్నప్పుడు రోజంతా ఛార్జర్‌కే తగిలించి ఉంచేవాణ్ని. లిథియం బ్యాటరీకి ఈ రెండూ శత్రువులే. వేడికి, నూటికి నూరు శాతం ఛార్జ్‌లో అదే పనిగా ఉండటానికి లోపలి రసాయనం త్వరగా చెడి వాయువు పుడుతుంది, సంచీ ఉబ్బుతుంది. ఇదంతా చదువుకున్నవాడినే. చదువుకుని ఏం లాభం!

కంపెనీకి ఫోన్ చేస్తే వారంటీ అయిపోయింది, ఈ మోడల్‌కి బ్యాటరీ విడిగా అమ్మము, కావాలంటే కొత్త మోడల్ మీద కొంత తగ్గింపు ఇస్తాం అన్నారు. చిప్ బాగుంది, తెర బాగుంది, బటన్లు బాగున్నాయి. ఒక్క భాగం చెడితే మొత్తం పారేయమన్నట్టే కదా. చివరికి నేనే ఒక ఆదివారం గరాజ్‌లో కూర్చుని, జిగురుతో అతికించిన ఆ ఉబ్బిన సంచీని ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా ఊడదీశాను. గీటు పడితే నిప్పు అంటుకునే వస్తువు అది. ఎవరూ నాలా చేయకండి. మా ఆవిడ మంటలార్పే సిలిండర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తీసినదాన్ని కౌంటీవాళ్ల ప్రమాదకర చెత్త కేంద్రంలో అప్పగించి వచ్చాను.

బ్యాటరీని జిగురుతో అతికించడం వెనక కారణాలు లేకపోలేదు. చేత్తో తీసే బ్యాటరీకి గట్టి డొక్క కావాలి, కనెక్టర్ కావాలి, మూత కావాలి. ఇవన్నీ చోటు తింటాయి, బరువు పెంచుతాయి. ఇప్పటికే స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ మోడల్ 640 గ్రాములు, లెనోవో లీజియన్ గో 854 గ్రాములు. అరకిలో పైన బరువున్న వస్తువును గంటసేపు చేతుల్లో పట్టుకుంటే మణికట్లు చెప్తాయి దాని సంగతి. డిజైనర్ ప్రతి గ్రాము లెక్కపెట్టుకుంటాడు, నిజమే. కానీ మూడేళ్లకు చెత్తబుట్టలో పడే తేలిక వస్తువు కన్నా కాస్త బరువుగా ఉండి పదేళ్లు నడిచేది నాకు మేలు.

తెనాలిలో మా చిన్నప్పుడు బ్రిక్ గేమ్ అని ఒకటి ఉండేది. బూడిదరంగు తెర మీద ఇటుకలు రాలే ఆట. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. సెల్స్ అయిపోతే కిరాణా కొట్టుకి పరిగెత్తేవాళ్లం. డబ్బుల్లేనప్పుడు వాటిని ఎండలో పెట్టి, పళ్లతో కొరికి ఇంకో అరగంట లాగేవాళ్లం. సెల్ ఎవరు తయారు చేసినా సైజు ఒకటే. అందుకే బొమ్మ చెడేదాకా ఆడాం తప్ప సెల్ దొరక్క ఎవరమూ బొమ్మ పారేయలేదు.

నోకియా బీఎల్-5సీ బ్యాటరీ గుర్తుందా? 1100 మోడల్ దగ్గర్నుంచి ఎన్నో ఫోన్లలో అదే ఉండేది. చివరికి ఎవరూ చట్టం చేయకుండానే అదొక ప్రమాణం అయిపోయింది. మొన్నటిదాకా చైనా ఎఫ్‌ఎం రేడియోల్లో కూడా అదే సైజు బ్యాటరీ కనిపించేది. 2007 ఆగస్టులో, ఒక సరఫరాదారు తయారు చేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కవచ్చని నోకియా ప్రకటించింది. మన దగ్గర ఎంత కంగారు పడ్డారో ఆ రోజుల్లో ఫోన్ ఉన్నవాళ్లకి గుర్తుంటుంది. అయినా జరిగిందేమిటి? జనం మూత తీసి నంబర్ చూసుకున్నారు. లోపం ఉన్న వరుసదైతే కంపెనీ బ్యాటరీ ఉచితంగా మార్చి ఇచ్చింది. ఫోన్లు ఫోన్లలాగే ఉన్నాయి. అదే ఈరోజు జిగురు పెట్టి మూసేసిన యంత్రాలకు జరిగితే ఎన్ని కోట్ల యంత్రాలు పెట్టెల్లో వెనక్కి పంపాలో ఊహించుకోండి.

నేను ఊహించే యంత్రంలో ఒక్కటి కాదు, రెండు బ్యాటరీలు ఉంటాయి. చెరో చేతి పట్టులో ఒకటి. బరువు రెండు అరచేతులకూ సమానంగా పడుతుంది, తెర వెనక చోటు చిప్‌కీ ఫ్యాన్‌కీ మిగులుతుంది. ఒకటి అయిపోతే దాన్ని తీసి నిండింది పెట్టేలోపు రెండోది ఆటను నడుపుతుంది. ఇదేదో కలలోంచి ఊడిపడింది కాదు. 2013 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో లోపల ఒకటి, బయట ఒకటి బ్యాటరీలు ఉండేవి. మెషీన్ ఆపకుండానే బయటిది మార్చుకునేవాళ్లం. హైదరాబాద్ ప్రయాణం మాకు ఇరవై గంటల పైమాటే. చేతి సంచీలో 100 వాట్ అవర్ల లోపు అదనపు బ్యాటరీ తీసుకెళ్లడానికి విమానాల్లో సాధారణంగా అభ్యంతరం ఉండదు. రెండు చిన్న బ్యాటరీలు జేబులో వేసుకుంటే చాలు.

నకిలీ బ్యాటరీల భయం ఉంది కదా అనొచ్చు. ఉంది. అసలుది న్యాయమైన ధరకు, పదేళ్లపాటు దొరికితే నకిలీ కొనేవాళ్లు తగ్గుతారు. అసలుది అమ్మకపోవడమే నకిలీకి దారి.

ఇక చిప్ గురించి. చిప్ తాగే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకి అయితే వర్గంలో పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాల్సి వస్తుంది. అందువల్ల 15 వాట్ల నుంచి 30 వాట్లకు తీసుకెళ్తే ఆట వేగం రెట్టింపు కాదు, వేడి మాత్రం రెట్టింపు అవుతుంది. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీలో ఉన్నది 50 వాట్ అవర్ల బ్యాటరీ. తెరతో కలిపి మొత్తం యంత్రం 25 వాట్లు లాగితే రెండు గంటలు, 10 వాట్లు లాగితే ఐదు గంటలు, 40 లాగితే గంటంబావు. అంతే లెక్క. నాకు 30 వాట్ల దగ్గర మెరిసే చిప్ వద్దు, 8 వాట్ల దగ్గర ఈనాటి కన్నా బాగా నడిచే చిప్ కావాలి. ప్రకటనల్లో గ్రాఫులన్నీ ఛార్జర్ తగిలించిన యంత్రానివే వేస్తారు. కూచిపూడి క్లాసు పార్కింగ్ లాట్‌లో ప్లగ్ ఎక్కడిది? ఈ విషయంలో వాల్వ్ వాళ్లను మెచ్చుకోవాలి. ఏటా కొత్త మోడల్ తేము, బ్యాటరీ కాలం తగ్గకుండా పెద్ద ముందడుగు సాధ్యమైనప్పుడే తెస్తాం అని బహిరంగంగానే చెప్పారు. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే వీలు కూడా ఒక అప్‌డేట్‌లో ఇచ్చారు. నాబోటి మతిమరుపు వాళ్లకు అది కొనేటప్పుడే ఆన్ చేసి ఇస్తే ఇంకా నయం.

బ్యాటరీ తర్వాత చెడేది జాయ్‌స్టిక్. మీరు ముట్టుకోకపోయినా తెర మీద మనిషి ఎడమపక్కకి నడుస్తూ పోతాడు. పాత రేడియో వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనేది చూశారా, జబ్బు అదే. లోపల కార్బన్ పట్టీ మీద ఒక లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకున్నకొద్దీ పట్టీ అరుగుతుంది. అయస్కాంతంతో పనిచేసే సెన్సర్ పెడితే రాపిడే ఉండదు. సెగా కంపెనీ 1998లోనే డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో ఆ పద్ధతి వాడింది! 2025 నవంబరులో వాల్వ్ ప్రకటించిన కొత్త కంట్రోలర్‌లోనూ అయస్కాంత స్టిక్సే ఉన్నాయి. కాబట్టి రాబోయే హ్యాండ్‌హెల్డ్‌లో అవి లేకపోతే సాకు వినక్కర్లేదు.

చిన్న కోరికలు ఇంకో రెండు మూడున్నాయి. ఛార్జింగ్ రంధ్రం పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. చత్వారం వచ్చిన కళ్లకు ఏడంగుళాల తెర మీద చీమతలకాయంత అక్షరాలు కనపడవు, తెర చుట్టూ నల్ల అంచు తగ్గించి ఆ చోటు తెరకే ఇవ్వాలి. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. 1989లో వచ్చిన అటారీ లింక్స్‌ను తలకిందులుగా తిప్పి ఎడమచేతి వాళ్లు కూడా ఆడుకునేవాళ్లని చెప్తే అది నమ్మలేదు. దాదాపు నలభై ఏళ్ల కింద ఉన్న సదుపాయం ఇవాళ్టి వాటిలో ఎందుకు లేదని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కంపెనీలు తమంతట తాము మూత పెడతాయని నాకు పెద్ద నమ్మకం లేదు. యూరప్ యూనియన్ చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో చిన్న బ్యాటరీలను కొన్నవాడే, మామూలుగా దొరికే పనిముట్లతో, వేడి చేయకుండా, ద్రావకాలు పోయకుండా తీసి మార్చుకునేలా ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా మొత్తం మీద నియమం అది. ఇక్కడ మా కాలిఫోర్నియాలో రిపేరు హక్కు చట్టం 2024 జూలై నుంచి అమల్లో ఉంది. విడిభాగాలు, పనిముట్లు, వివరాలు న్యాయమైన షరతులతో ఇవ్వాలని అది చెప్తుంది. కానీ వీడియో గేమ్ కన్సోల్స్‌ని పక్కన పెట్టేసింది. మిన్నెసోటా చట్టం కూడా అంతే. మరి నా చేతిలో ఉన్నది కన్సోలా, కంప్యూటరా? అమ్మేటప్పుడు పూర్తి స్థాయి పీసీ అని అమ్మారు. రిపేరు దగ్గరికి వచ్చేసరికి గేమ్ కన్సోల్ అంటే ఎలా? ఈ చట్టాల గురించి మన సంఘాల సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు. వీసాల మీద, ఇంటి పన్నుల మీద ఎమ్మెల్యేలాంటి వాళ్లకి, అంటే ఇక్కడి అసెంబ్లీ సభ్యులకి ఉత్తరాలు రాస్తాం కదా, దీని మీద కూడా ఒకటి రాయొచ్చు. నేను రాశాను.

డిసెంబరులో ఇండియా వెళ్లినప్పుడు బ్యాటరీ లేని ఆ డొక్కును సంచీలో వేసుకుని హైదరాబాద్ తీసుకెళ్లాను. ఉబ్బిన బ్యాటరీతో విమానం ఎక్కనివ్వరు కాబట్టి అదీ తీసేసి ఉండటం ఒక రకంగా మంచిదే అయింది. ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌లో ఒక కుర్రాడు ఐదు నిమిషాల్లో విప్పేశాడు. నేను గరాజ్‌లో గంటన్నర తంటాలు పడ్డ స్క్రూలు అవి. అటూ ఇటూ తిప్పి చూసి, "స్టిక్ మార్చిస్త సార్, గాని ఈ షేప్‌ల బ్యాటరీ దొరకది. మొబైల్‌దైతే అర్ధగంటల ఇస్తుంటి" అన్నాడు. స్టిక్ మార్పించుకుని, బ్యాటరీ లేకుండానే వెనక్కి తెచ్చుకున్నాను. ఛార్జర్ తగిలిస్తే పనిచేస్తుందేమోనని చూశాను, బ్యాటరీ లేనిదే అది ఆన్ కాదు.

ఇప్పుడది నా డెస్క్ సొరుగులో ఉంది. కొత్తది కొనడానికి మా ఆవిడ ఒప్పుకుంది కానీ నేనే ఆగాను. 2027 ఫిబ్రవరి తర్వాత యూరప్‌లో ఏం అమ్ముతారో, అదే మోడల్ ఇక్కడికీ వస్తుందో లేదో చూసి కొంటాను. అందాకా శనివారాలు పార్కింగ్ లాట్‌లో నేను కూడా సీటు వెనక్కి వాల్చేస్తున్నాను.